నాలుగు చొక్కాల సోమవారం

నేను ఒక రేకు ముక్కని. నల్లరంగు పూసి, రెండు ఇనప కాళ్ళు తగిలించి, నుదుట "వారపు వాతావరణ సూచన" అని రాసినంత మాత్రాన నాకేదో తెలుసనుకుంటే అది మీ ఖర్మ. నాకేమీ తెలియదు. నా మీద రాసేవాడికి అంతకన్నా తెలియదు. తెలిసిన మబ్బు ఎవరికీ చెప్పి రాదు.

పుట్టుక గురించి గొప్పలు చెప్పుకోవడానికి నాకేం లేదు. మొదట తారు డబ్బాని. రేగడవలస నుంచి కొండ కింద ఊళ్ళకి రోడ్డు వేస్తామని నన్నూ, నాలాంటి మరో ముప్పై డబ్బాలనీ దారి పక్కన దించారు. ఆ తారు ఎటు పోయిందో నేను చూశాను. ఒక నాయకుడిగారి వాకిలి మాత్రం ఆ ఏడు నల్లగా నిగనిగలాడింది. రోడ్డు కాగితం మీద పూర్తయింది. కొండ కింది జనం ఇప్పటికీ బురదలోనే నడుస్తారు, ఓట్లకి మాత్రం ఎండలో వస్తారు.

ఖాళీ అయిన నన్ను వెల్డింగు షాపు ఖాదర్ తెచ్చుకున్నాడు. నిలువునా కోసి, సుత్తితో మూడు పూటలు బాది బల్లపరుపు చేశాడు. దెబ్బలు తగిలినా కోపం రాలేదు. పని తెలిసినవాడి దెబ్బ వేరు. పెయింటరు భూలోకం నల్లరంగు రెండు పూతలు పూసి, సోమ నుంచి ఆది దాకా ఏడు గళ్ళు గీసి, వారాల పేర్లు తెల్లరంగుతో రాశాడు. పైన మూల తేదీకి చిన్న గడి, దిగువన "గమనిక" అని ఒక గీత. కింద తన పేరు, ఊరు, ఫోన్ నంబరు. నా మీద ఇప్పటిదాకా రాసిన వాటిలో నూటికి నూరుపాళ్ళూ నిజమైనది ఆ ఫోన్ నంబరొక్కటే.

రేగడవలస పట్నం కాదు, పల్లె కాదు. సంతకి పెద్దది, బస్టాండుకి చిన్నది. నన్ను పాత ధాన్యం మిల్లు పక్కన, రోడ్డుకి ముఖం పెట్టి పాతారు. నా వీపు వెనక ఖాళీ స్థలం. దాన్ని తాండ్ర కళ్ళం అంటారు. వేసవి వస్తే తవిటమ్మ జట్టు ఆడవాళ్ళు తొమ్మిదిమంది అక్కడ ఈతచాపలు పరిచి మామిడి తాండ్ర ఎండబెడతారు. నన్ను వాళ్ళకోసం అక్కడ పెట్టలేదు. కారు తిప్పుకోవడానికి వీలుగా ఉందని పెట్టారు.

ప్రారంభోత్సవం నాడు నాయకుడిగారు మూడు గంటలు ఆలస్యంగా వచ్చి, రిబ్బను కోసి, నా కుడికాలికేసి కొబ్బరికాయ కొట్టారు. కాలు సొట్టపడింది, కాయ పగల్లేదు. "ఇకనుంచి రేగడవలస రైతు ఆకాశంకేసి చూడక్కర్లేదు" అని ఉపన్యాసం చెప్పారు. అది విన్న రైతులందరూ ఒకసారి తలెత్తి ఆకాశంకేసి చూశారు. షామియానా దాటి బయటపడటానికి ఎంత సేపు పడుతుందో లెక్కేసుకుంటున్నారు. అప్పటికే చినుకులు పడుతున్నాయి.

నా మీద రాసే పని మండలాఫీసులో త్రినాథరావుది. నలభై అయిదేళ్ళ మనిషి, జేబులో రెండు పెన్నులు, ఒకటి రాయదు. ప్రతి సోమవారం పొద్దున్న జిల్లా నుంచి ఆయన ఫోనుకి వారం సూచన వస్తుంది. నిబంధన ఏమిటంటే, దాన్ని బోర్డు మీద రాయాలి. రాసినట్టు ఫొటో తీయాలి. ఫొటోలో రాసిన ఉద్యోగి కనపడాలి. ఆ ఫొటో పైకి పంపాలి. ప్రజలు చదవాలని మాత్రం ఎక్కడా రాసి లేదు.

ఆ సూచనల భాష ఎలాంటిదో చెప్తాను వినండి. "అక్కడక్కడా తేలికపాటి జల్లులు పడే అవకాశం కలదు." "ఒకటి రెండు చోట్ల ఉరుములు." ఏ ఒకటి, ఏ రెండు? ఇటు వాన పడ్డా వాళ్ళదే నిజం, అటు పడకపోయినా వాళ్ళదే నిజం. అయినా పైనుంచి వచ్చే కాగితాన్ని నేను పూర్తిగా తప్పుపట్టను. ఎక్కడో ఎవరో గాలినీ మబ్బునీ కొలిచి చెప్పిన మాట అది. అది రేగడవలస చేరేసరికి ఒక బద్ధకిష్టి చేతిలో సుద్దముక్క అవుతుంది. అక్కడ చెడుతుంది.

ఊళ్ళో చదువుకున్నవాళ్ళు నన్ను చదవరు. వాళ్ళ జేబుల్లో ఫోన్లున్నాయి. నా కాలికి సైకిలు ఆనిస్తారు, నా వీపుకి మూలశంక మందు కాగితాలు అంటిస్తారు. ఎన్నికలొస్తే ఇద్దరు అభ్యర్థులు ఒకే రోజు నా వీపెక్కి నవ్వుతారు. మేకలు దురద గోక్కుంటాయి. మేకలే నయం, గోక్కుని పోతాయి.

నన్ను చదివేది ఒక్క మనిషి. సన్యాసమ్మ.

జట్టులో తొమ్మిదిమందిలో అక్షరం వచ్చింది ఆమెకి ఒక్కదానికే. ముప్పై ఎనిమిదేళ్ళు వచ్చాక వయోజన విద్య క్లాసులో కూర్చుని నేర్చుకుంది. సోమవారం నాడు నా ముందుకొచ్చి, చూపుడువేలు అక్షరం కింద పెట్టి, ఒక్కొక్క మాటే కూడబలుక్కుని పైకి చదివేది. మిగతా ఎనిమిదిమందీ నేలమీద గొంతుక్కూచుని వినేవాళ్ళు. ఆమె వేలికి నా సుద్ద అంటేది. అంత మర్యాదగా నన్ను తాకినవాళ్ళు లేరు. నా ముఖాన ఉన్నది చెత్త అని తెలిసినప్పుడల్లా నాకు సిగ్గేసింది ఆమె ముందే.

తాండ్ర సంగతి తెలియనివాళ్ళకి చెప్పాలి. మామిడిరసం తీసి, వడకట్టి, పంచదార కలిపి చాపమీద పలచగా పూస్తారు. అది ఎండాక మర్నాడు దానిమీద ఇంకో పూత. అలా రోజుకొక పూత, బొటనవేలు మందం వచ్చేదాకా పదిహేను రోజులు. మొదటి రెండు పూతలూ పసుపుపచ్చగా, వెనక చాప అల్లిక కనపడేటట్టు ఉంటాయి. ఎనిమిదో పూతకి బెల్లం రంగు తిరుగుతుంది. చివరికి ఎర్రమట్టి రంగు. పద్నాలుగో రోజు పావుగంట వాన పడితే పద్నాలుగు రోజులూ మురిక్కాలవలోకి పోతాయి. అందుకని తొమ్మిదిమందిలో ఒకరు ఎప్పుడూ టార్పాలిన్లు దగ్గర పెట్టుకుని కాపలా ఉంటారు. ఆ కాపలా మనిషి తవిటమ్మ. జట్టుకి పెద్ద. ఎవరి చాప కళ్ళంలో పరవాలో, ఎవరిది పరవకూడదో ఆమె మాటే.

ఇక మే నెల ఆరో తారీకు సోమవారం.

త్రినాథరావు అత్తవారి ఊళ్ళో పెళ్ళి. పెళ్ళితోపాటు రెండు మొక్కులు, ఒక గృహప్రవేశం. మూడు వారాలు ఊళ్ళో ఉండడు. సెలవు పెట్టాడు సరే, సోమవారం ఫొటోల సంగతి? వేరేవాడికి అప్పగిస్తే వాడి పేరు పైకి వెళుతుంది. అందుకని పొద్దున్నే ఎనిమిది గంటలకి ఒక చేతిసంచితో నా ముందుకొచ్చాడు. వెంట అటెండరు అప్పన్న, చేతిలో ఫోను. సంచిలోంచి నాలుగు ఇస్త్రీ చొక్కాలు తీసి నా నెత్తిన వరసగా వేశాడు.

మొదట తెల్లచొక్కా. తేదీ గడిలో "మే 6 నుంచి 12 వరకు" అని రాసి, ఆ పొద్దున్న వచ్చిన సూచనని ఉన్నదున్నట్టు ఎక్కించాడు. సోమ, మంగళ, బుధ పొడి. గురు, శుక్ర ఉరుములు, మెరుపులు, ఈదురుగాలులతో వాన. నా పక్కన నిలబడి వేలు చూపించాడు. అప్పన్న నొక్కాడు. తుడిచాడు.

తరవాత నీలం చొక్కా. మే 13. ఆ వారం సూచన ఇంకా భూమ్మీద ఎవరి దగ్గరా లేదు. తనే కల్పించాడు. "తేలికపాటి జల్లులు." నొక్కు. తుడుపు. గళ్ళ చొక్కా. మే 20. "వడగాడ్పులు." నొక్కు. తుడుపు.

"ఏటండీ, పేంటు మార్చరా?" అన్నాడు అప్పన్న.

"పేంటు ఎవడిక్కావాల్రా, నడుం పైకి తియ్యి."

"మరి నాలుగో వారం మీరు రాసిందానికి తేడాగా వాన పడితేనండీ?"

"పడితే పడుద్ది. వానొచ్చి ఫొటో చూసుకుంటుందేటి? నొక్కు."

నాలుగోది బిస్కట్ రంగు చొక్కా. మే 27. అప్పటికి పెళ్ళి భోజనం కళ్ళముందు కదులుతున్నట్టుంది, మనిషి మంచి హుషారుగా ఉన్నాడు. ఏడు గళ్ళలోనూ "పొడి వాతావరణం, ఆకాశం నిర్మలం" అని రాసి, దిగువన గమనిక దగ్గర సొంత కవిత్వం కూడా కలిపాడు: "ప్రజలు ఆరుబయట పనులు నిశ్చింతగా చేసుకోవచ్చును." నొక్కు.

బస్సు హారను వినపడింది. తుడవటానికి చెయ్యెత్తాడు. సుద్దముక్క అరిగి గోరంత అయింది. మొదటి వారానిది మళ్ళీ ఎవడు రాస్తాడు? తేదీ ఒక్కటి జేబురుమాలుతో తుడిచేశాడు, రాబోయే తేదీ చూసి ఎవడైనా ప్రశ్న వేస్తాడని. మిగతాది అలాగే వదిలి, చొక్కాలు సంచిలో కుక్కుకుని బస్సెక్కాడు.

ఒక్క మాట ఆలోచించండి. నాలుగో వారం ముందు రాసి, మొదటి వారం చివర రాసి ఉంటే నా ముఖాన నిజం మిగిలేది. ఆ మాత్రం బుద్ధి పుట్టలేదు. ఆఫీసు మనిషి కదా, దొంగపని కూడా వరస ప్రకారమే చేశాడు.

పావుగంటకి సన్యాసమ్మ వచ్చింది. వేలు పెట్టి చదివింది. ఏడు గళ్ళూ చదివింది. గమనిక రెండుసార్లు చదివింది, ఎందుకంటే "నిశ్చింతగా" అన్న మాట ఆమెకి కొత్త. రెండోసారికి నోరు తిరిగింది. ఆడవాళ్ళు "నిచ్చింతగా, నిచ్చింతగా" అని నవ్వుకుంటూ చాపల దగ్గరికి పోయారు.

గురువారం పొద్దున్న గాలి లేదు. ఆకు కదల్లేదు. తోటలో ఆఖరి కోత, కాయ రాలిపోకముందే తెచ్చుకోవాలంటే తొమ్మిదిమందీ వెళ్ళాలి. తోట మూడు మైళ్ళు. తవిటమ్మ చాపల పక్కన కూలబడింది.

"ఒలె సన్నేసీ, గాలి బిగదీసినాది. సీమలు గుడ్లెత్తుకోని గోడెక్కుతన్నాయి. తెల్లారినకాడి నుంచీ నా మోకాలు సలుపుతంది. మీరెల్లండి, నానుంటాను."

"అత్తా, బోర్డు సదివినాను కాదేటి? ఏడ్రోజులూ ఎండే. ఆరుబయట పన్లు నిచ్చింతగా సేసుకోమని గవర్నమెంటోలు రాసినారు. నీ మోకాలు గవర్నమెంటా ఏటి?"

అందరూ పకపకా నవ్వారు. తవిటమ్మ కూడా నవ్వి, మోకాలు పట్టుకుని లేచి, గంప నెత్తిన పెట్టుకుని నడిచింది. నేను చూస్తూ నిలబడ్డాను. నాకు నోరుంటే అరిచేవాణ్ణి. నోరుండాల్సినవాళ్ళు పెళ్ళి భోజనానికి వెళ్ళారు.

మూడు గంటలకి వాయవ్యం మూల నల్లగా లేచింది. అయిదు నిమిషాల్లో పట్టపగలు దీపం పెట్టుకోవలసినంత చీకటి. గాలి ముందు వచ్చి చాపల్ని లేపి తిరగేసింది. వెనకే వాన. పదమూడు చాపల తాండ్ర, అయిదో పూతలో ఉన్నవి, పన్నెండో పూతలో ఉన్నవి, అన్నీ కరిగాయి. పసుపుపచ్చని నీళ్ళు నా కాళ్ళకింద నుంచి కాలవలోకి పారాయి. వాన నా ముఖం కూడా శుభ్రంగా కడిగేసింది. ఏడు గళ్ళూ ఖాళీ. త్రినాథరావు చేసిన పనికి సాక్ష్యం అనేది నా దగ్గర ఒక అక్షరం మిగల్లేదు.

తడిసి ముద్దై పరిగెత్తుకొచ్చిన తొమ్మిదిమందీ కళ్ళంలో నిలబడిపోయారు. ఎవరూ ఏడవలేదు. తవిటమ్మ వంగి ఒక చాప మూల ఎత్తి చూసి మళ్ళీ కింద పెట్టేసింది.

మర్నాడు మండలాఫీసు నుంచి ఒకాయన వచ్చాడు, మెడలో తాడుకి వేలాడే కార్డుతో. బురద అంటకుండా ప్యాంటు మడిచి, నా పక్కన నిలబడి ఫోను తీశాడు.

"ఇదుగో, సోమవారం పెట్టిన బోర్డు. తేదీ చూడండి, ఆరు. గురువారం: ఉరుములు, మెరుపులు, ఈదురుగాలులతో వాన. ఇంత స్పష్టంగా రాసి పెడితే మీరు తోటకి పోయి, ఇప్పుడు మమ్మల్ని అంటే ఎలా?"

సన్యాసమ్మ ఫోను తీసుకుంది. వేలు పెట్టి చదివింది. ఆయన చెప్పినట్టే ఉంది. మళ్ళీ మొదటినుంచి చదివింది.

"నాను సదివింది ఇది కాదు బాబూ. ఏడ్రోజులూ ఎండని రాసుంది."

"ఊళ్ళో ఇంకో బోర్డుందా? చదువు రాకపోతే రాదని చెప్పుకోవాలమ్మా. పదిమందిని ముంచకూడదు."

ఎనిమిది ముఖాలు ఆమెకేసి తిరిగాయి. గవర్నమెంటు ఫోనులో ఒకటుంది, సన్యాసమ్మ నోటివెంట ఒకటొచ్చింది. ఎవర్ని నమ్మాలి? కళ్ళ ముందు కాలవలో తాండ్ర పోతోంది మరి.

"నా మోకాలు గవర్నమెంటు కాదన్నావు కాదే," అంది తవిటమ్మ, కోపం లేకుండా. కోపం ఉంటే బాగుండేది. "వొచ్చే యేడు నీ సాప ఈ కల్లంలో పరవకు, సన్నేసీ."

ఆ మూడు వారాలూ సన్యాసమ్మ రోజూ నా ముందునుంచే పోయింది. తల ఎత్తలేదు. బస్సు వస్తే పేరు తను చదవకుండా పక్కవాళ్ళని అడిగి ఎక్కింది. రాదేమో, నిజంగానే రాదేమో అనుకుంది. తాండ్ర పోయినందుకు కాదు నాకు ఒళ్ళు మండింది. తాండ్ర వచ్చే ఏడూ పూయొచ్చు. ఒక మనిషి ముప్పై ఎనిమిదేళ్ళకి కష్టపడి సంపాదించుకున్న చదువుని ఒక చవట నాలుగు చొక్కాలతో లాక్కుపోయాడు.

ఈ మూడు వారాలూ నా ముఖం ఖాళీ. కాని ప్రతి సోమవారం త్రినాథరావు పెళ్ళింట్లో అరిటాకు ముందు కూర్చుని నన్ను పైకి పంపిస్తూనే ఉన్నాడు. నీలం చొక్కా ఒకవారం, గళ్ళ చొక్కా ఒకవారం, బిస్కట్ రంగు ఒకవారం. జిల్లాలో ఎవరూ అంత క్రమంగా పంపలేదట. దాంతో సన్మానం ఖాయమైంది.

మే ముప్పయ్యొకటి, శుక్రవారం. కళ్ళంలో షామియానా. జిల్లా నుంచి పెద్దాఫీసరు వచ్చాడు. నా పక్కన మంచమంత ఫ్లెక్సీ కట్టారు. "వాతావరణ ప్రచారంలో రేగడవలస ప్రథమం." కింద నా ఫొటోలు నాలుగు, నాలుగు తేదీలతో, నాలుగు చొక్కాలతో. నా ముఖం మూడు వారాలుగా ఖాళీగా ఉండటం ఊరంతా చూసింది. ఆ ఊరే ఆ ఫ్లెక్సీ ముందు కూర్చుని చప్పట్లు కొట్టింది. కుర్చీలు వేసి, మజ్జిగ పోస్తే జనం దేనికైనా చప్పట్లు కొడతారు. త్రినాథరావు భుజాన శాలువా పడింది.

జనం తక్కువయ్యారని తవిటమ్మ జట్టుని కూడా పిలిచి వెనక కూర్చోబెట్టారు. సన్యాసమ్మ వాళ్ళకి ఎడంగా, వెదురు రాటకి ఆనుకుని నిలబడింది. ఫ్లెక్సీ మీద అక్షరాలకేసి చూడలేదు. అక్షరం మీద ఆమెకి నమ్మకం పోయింది కదా. ఫొటోల్లో నా వెనక ఉన్న చాపలకేసి చూసింది. అది ఆమెకి ఎవరూ నేర్పక్కర్లేని చదువు.

చూస్తూ చూస్తూ ముందుకి నడిచింది. కుర్చీల మధ్యనుంచి, పెద్దాఫీసరు ముందునుంచి, నేరుగా ఫ్లెక్సీ దగ్గరికి. నాలుగో ఫొటో మీద వేలు పెట్టింది.

"బాబూ, ఇదెప్పుడు తీసినారు?"

"చూడమ్మా, తేదీ ఉంది కదా. మే ఇరవై ఏడు. మొన్న సోమవారం," అన్నాడు పెద్దాఫీసరు ఓపిగ్గా.

"ఈ ఎనకాల ఎర్ర సీరంచు కుట్టిన మూలున్నాది సూడండి, అది నా సాప. రెండు పూతల మీదున్నాది. పచ్చగా, అల్లిక కనపడతంది. ఈ సాప తొమ్మిదో తారీకు గాలివానకి నాలుగు ముక్కలైపోతే పొయ్యిలో ఎట్టీసినాను. మసైపోయిన సాప మీద మొన్న సోమవారం తాండ్రెలాగెండుతందయ్యా?"

త్రినాథరావు శాలువా సర్దుకున్నాడు.

"అమ్మా, చాపలన్నీ ఒకలాగే ఉంటాయి. నీకు పొరపాటు..."

"ఒకలాగే ఉంటాయా బాబూ? సరే, ఈ నాలుగు ఫొటోల్లోనూ సూడు. నాలుగు వారాలూ అవే రెండు పూతలు. మూడో పూత ఎయ్యకుండా నెల్లాళ్ళు ఎండబెడితే తాండ్ర కాదు, సెప్పు తోలవుద్ది. నీ సొక్కాలు నాలుగూ మారినాయి గాని, నా సాప మారనేదు."

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. అప్పన్న నేలకేసి చూస్తూ మెల్లగా షామియానా బయటికి జారుకున్నాడు.

అప్పుడు తవిటమ్మ లేచింది. మోకాలు పట్టుకుని, కుంటుకుంటూ సన్యాసమ్మ పక్కకి వచ్చింది.

"ఒలె, ఆ నాలుగో దాని మీద ఏటి రాసుంది? సదవే."

సన్యాసమ్మ తటపటాయించింది. "నాను సదివితే..."

"సదవమన్నానా?"

వేలు పెట్టింది. "సో-మ. పొ-డి వా-తా-వరణం, ఆకాశం నిర్మలం. మం-గళ. పొడి వాతావరణం..." ఏడు గళ్ళూ అయ్యాయి. గొంతు గట్టిపడింది. "గమనిక. ప్రజలు... ఆరుబయట పనులు..."

"నిచ్చింతగా సేసుకోవొచ్చును," అని పూర్తిచేసింది తవిటమ్మ. ఆమెకి ఒక్క అక్షరం రాదు. విన్నమాట మాత్రం పోదు. జనంకేసి తిరిగింది. "ఇదే. ఆరో తారీకు పొద్దున్న మా సన్నేసి మాకు సదివినిపించింది ఇదే మాట. మొన్న రాసింది మూడు వారాల ముందే ఎలాగ సదివింది బాబూ ఇది? మా గుంట తప్పు సదవనేదు. మీరు తప్పు రాసినారు." త్రినాథరావు వైపు చూసి మళ్ళీ అంది, "నా మోకాలు గవర్నమెంటు కాదని మావోలు నవ్వినారు. మీ గవర్నమెంటుకి మోకాలైనా ఉందేటి?"

ఈసారి షామియానా మొత్తం నవ్వింది. ఇందాక చప్పట్లు కొట్టిన నోళ్ళే. వాళ్ళని నేనేం మెచ్చుకోను.

పెద్దాఫీసరు గడియారం చూసుకున్నాడు. "సాంకేతిక సమస్య ఏదో ఉన్నట్టుంది. పరిశీలిస్తాం" అన్నాడు. మజ్జిగ తాగి కారెక్కాడు. త్రినాథరావుని పక్క మండలానికి మార్చారు. అక్కడ కూడా బోర్డు ఉందట. కప్పిన శాలువా వెనక్కి తీసుకోవడానికి నిబంధన లేదట, అది ఆయన దగ్గరే ఉంది. శిక్ష అంటూ పడింది నాకే. "సదరు బోర్డు శిథిలావస్థకు చేరి, ప్రజలలో అపోహలకు తావిచ్చుచున్నందున తొలగించడమైనది" అని కాగితం వచ్చింది. నా కాళ్ళు కోసి, ఆఫీసు వెనక విరిగిన కుర్చీల మీద పడేశారు. నా బదులు మెరిసే కొత్త బోర్డు వస్తుందన్నారు. ఇంకా రాలేదు. రాకపోవడమే ఆ ఊరికి అది చేసిన మేలు.

నెల తరవాత పాత ఇనుము బండి వచ్చింది. నన్ను ఎత్తబోతుంటే తవిటమ్మ వచ్చి నా మీద కూర్చుంది.

"ఈ రేకు మాది. మా పదమూడు సాపల తాండ్ర తినేసినాది. మేం అట్టుకుపోతాం."

ఆ లెక్క ఏ రిజిస్టరులో రాయాలో తెలియక ఆఫీసువాళ్ళు వదిలేశారు. ఒక కొస సన్యాసమ్మ, ఒక కొస తవిటమ్మ పట్టుకుని నన్ను కళ్ళానికి మోసుకొచ్చారు. దారిలో సన్యాసమ్మ వచ్చే బస్సు పేరు పైకి చదివింది. ఎవరూ అడగలేదు. ఊరికే చదివింది.

ఈ ఏడు మళ్ళీ తాండ్ర కాలం. కళ్ళంలో మొదటి చాప, నీడ పడని మంచి చోటుది, సన్యాసమ్మది. కొత్త చాపకి కూడా మూలన ఎర్ర చీరంచు కుట్టుకుంది. సోమవారం నాడు జిల్లా సూచన ఫోనులో తెప్పించుకుని, ముందు తేదీ చదువుతుంది, తరవాత వారం చదువుతుంది. తవిటమ్మ మోకాలు ఏమంటుందో అడుగుతుంది. ఆ రెండూ ఎండే అన్నా సరే, కాపలాకి ఒకరు ఉండి తీరాలి. నన్ను వెల్లకిలా గోడకి ఆనించి పెడతారు.

నిన్న మధ్యాహ్నం వాయవ్యం మూల నల్లగా లేచింది. తవిటమ్మ కేక పెట్టింది. టార్పాలిన్లు అందరి చాపలకీ సరిపోయాయి, ఎర్రంచు చాపకి చాలలేదు. సన్యాసమ్మ పరిగెత్తుకొచ్చి నన్ను ఎత్తి, చాప మూలల్లో పెట్టిన రాళ్ళమీద, తాండ్రకి తగలకుండా, బోర్లా మూసి, నా వీపు మీద బండరాయి పెట్టింది. "వారపు వాతావరణ సూచన" అన్న అక్షరాలు తాండ్రకేసి తిరిగి ఉన్నాయి. వాటిని ఎవరూ చదవలేరు. పైన వాన దబదబా కొట్టింది. తారు డబ్బాగా ఉన్నప్పటి నుంచీ నాకు చేతనైన పని ఇదొక్కటే, లోపలున్నది తడవకుండా కాపాడటం. గంటసేపు కొట్టి వెలిసింది. నన్ను ఎత్తి చూశారు. పన్నెండో పూత పొడిగా ఉంది.